కర్నల్ సి.కె. నాయుడు

మన దేశంలో పిల్లలు క్రికెట్ ఆడని ఊరు లేదు. బెంగళూరు వీధుల్లోనైనా, కోలారు జిల్లా పల్లెల్లోనైనా సాయంకాలం పూట కాస్త ఖాళీ జాగా కనిపిస్తే చాలు, పిల్లలు మూడు పుల్లలు పాతి ఆట మొదలుపెడతారు. ఆట మొదలయ్యే ముందు నాయకుడెవరో తేలాలి. బాగా ఆడేవాడు, నలుగురి చేత మాట వినిపించుకోగలవాడు నాయకుడు కావడం న్యాయం. కాని ఒక్కొక్కప్పుడు బ్యాటు ఎవరిదైతే వాడే నాయకుడవుతాడు. వాడు అలిగి బ్యాటు తీసుకొని ఇంటికి వెళ్ళిపోతే ఆటే ఉండదు కదా!

మన దేశపు క్రికెట్ తొలి రోజుల్లో జరిగింది కూడా ఇంచుమించు ఇదే. ఆ కాలంలో క్రికెట్ ఖర్చుతో కూడిన ఆట. మైదానాలు, పరికరాలు, ప్రయాణాలు, ఆటగాళ్ళ పోషణ, అన్నింటికీ సంస్థానాధీశులే ధనమిచ్చేవారు. కాబట్టి జట్టుకు నాయకత్వం కూడా వారిదే అన్న భావం బలంగా ఉండేది. అటువంటి రోజుల్లో, రాజవంశంలో పుట్టని ఒక తెలుగువాడు కేవలం తన ఆటతో, తన నడవడితో భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టుకు నాయకుడయ్యాడు. ఆయనే కర్నల్ సి.కె. నాయుడు.

నాయుడు పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. ఆయన 1895వ సంవత్సరం అక్టోబరు 31వ తేదీన నాగపూరులో జన్మించాడు. వారి పూర్వులది మచిలీపట్నం. తాత నారాయణస్వామి నాయుడు నాగపూరులో పేరు పొందిన న్యాయవాది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. అక్కడ ఆయనకు సుప్రసిద్ధ క్రికెట్ క్రీడాకారుడు రంజిత్‌సింహ్‌జీతో స్నేహం కలిగింది. ఆ రంజిత్‌సింహ్‌జీ పేరనే నేడు మన దేశంలో రంజీ ట్రోఫీ పోటీలు జరుగుతున్నాయి. ఈ విధంగా క్రికెట్ ముచ్చట్లు వినిపించే ఇంట్లో కనకయ్య పెరిగాడు. పాఠశాలలో చదివే రోజుల్లోనే మంచి ఆటగాడని పేరు తెచ్చుకున్నాడు.

ఆనాడు మన దేశంలో అన్నిటికన్నా పెద్ద క్రికెట్ పోటీలు బొంబాయిలో జరిగేవి. వాటిలో జట్లు మతాల వారీగా ఉండేవి. హిందువులది ఒక జట్టు, ముస్లిములది ఒకటి, పార్శీలది ఒకటి, యూరోపియనులది ఒకటి. ఆటలో ఈ విభజన తగదని గాంధీజీ వంటి పెద్దలు తరువాతి కాలంలో అభ్యంతరం చెప్పారు. 1946తో ఆ పోటీలు ఆగిపోయాయి. కాని నాయుడు యువకుడుగా ఉన్నప్పుడు ప్రతిభ చూపడానికి ఉన్న పెద్ద వేదిక అదొక్కటే. 1916లో ఆయన యూరోపియనుల జట్టుపై ఆడి ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ప్రవేశించాడు. అప్పటికే ఏడు వికెట్లు పడిపోయాయి. ఆ యువకుడు మొదటి మూడు బంతులను నిదానంగా అడ్డుకున్నాడు. నాలుగో బంతిని సిక్సరు కొట్టాడు. పెద్ద పోటీలలో ఆయన చేసిన తొలి పరుగులు అవే. రాబోయే రోజుల్లో ఆయన ఆట ఎలా ఉండబోతుందో ఆ ఒక్క దెబ్బతో తెలిసిపోయింది.

నాయుడు ఆరడుగులు దాటిన పొడగరి. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్. ముందుకు వచ్చి బంతిని ఎత్తి కొట్టడంలో ఆయనకు సాటి లేరు. అంతటితో ఆగక చక్కగా బౌలింగ్ చేసేవాడు, పాదరసంలా కదిలి బంతిని ఆపేవాడు. బ్యాటింగ్, బౌలింగ్ రెండింటిలోనూ నేర్పు గలవారిని ఆల్‌రౌండర్లు అంటారు. లాలా అమర్‌నాథ్, వినూ మన్కడ్, దత్తు ఫడ్కర్ వంటి ఆల్‌రౌండర్లు తరువాతి కాలంలో మన దేశానికి కీర్తి తెచ్చారు. వారందరికీ ముందు నడిచినవాడు నాయుడు. ఆయన ప్రతిభను గుర్తించిన హోల్కర్ మహారాజు 1923లో ఆయనను ఇండోర్‌కు ఆహ్వానించి, తన సైన్యంలో ఉద్యోగమిచ్చాడు. అప్పటినుండి ఇండోర్ ఆయనకు స్వస్థలమైంది. కర్నల్ అన్న బిరుదు ఆ సైనిక ఉద్యోగం వల్ల వచ్చినదే.

1926లో ఇంగ్లండు నుండి ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చింది. భారతీయులు వారికి సరిజోడు కాగలరని అప్పటికి ఎవరూ అనుకోలేదు. డిసెంబరు 1వ తేదీన బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టు తరఫున నాయుడు బ్యాటు పట్టాడు. రెండు గంటలు నిండకముందే 153 పరుగులు చేశాడు. అందులో పదకొండు సిక్సర్లు! ఒక బంతి వెళ్ళి జింఖానా భవనం పైకప్పు మీద పడింది. ఆ వార్త నిమిషాల మీద నగరమంతా పాకిందనీ, కచేరీలలో పనిచేసేవారు పని విడిచి మైదానం వైపు పరుగెత్తారనీ, చోటు చాలక జనం చెట్ల మీదికి, మేడల మీదికి ఎక్కారనీ చెబుతారు. పరాయి పాలనలో ఉన్న ప్రజలకు ఆ సిక్సర్లు కేవలం పరుగులుగా తోచలేదు. పాలకులు నేర్పిన ఆటలో పాలకులతో సమానంగా నిలబడగలమన్న ధైర్యాన్ని అవి కలిగించాయి. ఎం.సి.సి. జట్టువారు కూడా ఆ ఆటను మెచ్చుకొని నాయుడికి వెండి బ్యాటు బహూకరించారు. భారతదేశం టెస్టు పోటీలకు తగినదేనన్న నమ్మకం గిల్లిగన్‌కు కుదిరింది. ఆయన ప్రోత్సాహంతో 1928 డిసెంబరులో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

1932లో మన జట్టు ఇంగ్లండుకు బయలుదేరింది. నాయకుడు పోర్‌బందర్ మహారాజు. ఉపనాయకుడు లింబ్డీ రాజకుటుంబానికి చెందిన ఘనశ్యాంసింహ్‌జీ. నాయుడు జట్టులో ఆటగాడు మాత్రమే. అయితే పోర్‌బందర్ మహారాజు వివేకవంతుడు. తన ఆట టెస్టు పోటీకి చాలదని తానే గ్రహించి పక్కకు తప్పుకున్నాడు. ఉపనాయకుడు గాయపడ్డాడు. దానితో నాయకత్వ భారం నాయుడి మీద పడింది. సామాన్య కుటుంబీకుడి కింద ఆడడం జట్టులో కొందరికి రుచించలేదని అంటారు. మహారాజు మాత్రం తన నిర్ణయం మార్చుకోలేదు. బ్యాటు తనదైనా, ఆట తెలిసినవాడికి పగ్గాలు అప్పగించిన ఆ మహారాజును కూడా మనం గౌరవించాలి.

జూన్ 25వ తేదీన లండన్‌లోని లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొట్టమొదటి టెస్టు ప్రారంభమైంది. ఎదుటి జట్టుకు నాయకుడు డగ్లస్ జార్డిన్. మహమ్మద్ నిస్సార్, అమర్‌సింగ్‌ల వేగానికి ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకున్నది. చూడవచ్చినవారు నివ్వెరపోయారు. ఆ తరువాత ఇంగ్లండు తేరుకొని 259 పరుగులు చేసింది. నాయుడు రెండు వికెట్లు తీశాడు. కాని ఒక క్యాచ్ పట్టబోయి చేతికి గాయం చేసుకున్నాడు. నాయకుడే వెనుకాడితే జట్టు నిలవదని ఆయనకు తెలుసు. గాయపడిన చేతితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో మనవారిలో అంతకంటె ఎక్కువ చేసినవారు లేరు. చివరకు ఇంగ్లండు 158 పరుగుల తేడాతో గెలిచింది. ఓడిపోయినా మనవారు తలవంచుకొని రాలేదు. భారతదేశం టెస్టులు ఆడగలదని లోకం ఒప్పుకున్నది.

ఆ పర్యటనలో నాయుడు ఫస్ట్‌క్లాస్ పోటీల్లో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశాడు. బర్మింగ్‌హామ్‌లో వార్విక్‌షైర్ జట్టుపై 162 పరుగులు చేసినప్పుడు ఆయన కొట్టిన ఒక సిక్సరు మైదానం పక్కనున్న రే నదిని దాటింది. ఆనాడు ఆ నది రెండు జిల్లాలకు సరిహద్దు. అందువల్ల నాయుడు బంతిని ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు కొట్టాడని అక్కడివారు వేడుకగా చెప్పుకున్నారు. మరుసటి ఏడు విజ్డెన్ వార్షిక గ్రంథం ఆయనను ఆ సంవత్సరపు అయిదుగురు మేటి క్రీడాకారులలో ఒకడిగా ఎంపిక చేసింది. భారత జట్టు తరఫున ఆడి ఆ గౌరవం పొందినవారిలో ఆయనే ప్రథముడు.

1933-34లో జార్డిన్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు మూడు టెస్టులకూ నాయుడే నాయకుడు. బొంబాయిలో మన గడ్డ మీద జరిగిన తొలి టెస్టులో యువకుడైన లాలా అమర్‌నాథ్‌తో కలిసి ఆయన మూడో వికెట్టుకు 186 పరుగులు జోడించాడు. అమర్‌నాథ్ చేసిన 118 పరుగులు భారతదేశానికి మొదటి టెస్టు శతకం. నాయుడు 67 పరుగులు చేశాడు. మనవారు రెండు టెస్టులు ఓడి, కలకత్తాలో జరిగిన ఒకదాన్ని సమంగా ముగించారు.

ఆయన అసలు పరీక్ష 1936లో వచ్చింది. ఆ ఏడు ఇంగ్లండు వెళ్ళే జట్టుకు నాయకుడుగా విజయనగర రాజకుమారుడు సర్ విజయానంద గజపతిరాజును ఎన్నుకున్నారు. ఆయనను అందరూ విజ్జీ అని పిలిచేవారు. ఆయన కూడా తెలుగువాడే. క్రికెట్ కోసం ధారాళంగా ఖర్చుపెట్టినవాడు, తరువాతి కాలంలో నియంత్రణ మండలికి అధ్యక్షుడయినవాడు. కాని ఆటలో నాయుడికి సాటి రాగలవాడు కాదు. మూడు టెస్టుల్లోనూ కలిపి ఆయన చేసిన పరుగులు 33. ఆ పర్యటనలో జట్టు వర్గాలుగా చీలింది. అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపివేశారు. నాలుగు టెస్టులకు నాయకత్వం వహించిన నాయుడు నలభై ఏళ్ళ వయస్సులో మళ్ళీ మామూలు ఆటగాడుగా నిలబడవలసివచ్చింది.

ఇటువంటి సమయంలో మనిషి రెండు విధాలుగా ప్రవర్తించవచ్చు. మనసు కష్టపెట్టుకొని ఆటను నిర్లక్ష్యం చేయవచ్చు. లేదా తన పని తాను చేయవచ్చు. నాయుడు రెండో మార్గం పట్టాడు. ఓవల్ మైదానంలో జరిగిన చివరి టెస్టులో మొదటి ఇన్నింగ్స్‌లో ఆయన అయిదు పరుగులకే ఔటయ్యాడు. జట్టు ఓటమి అంచున ఉండగా రెండో ఇన్నింగ్స్‌కు దిగాడు. ఇంగ్లండు నాయకుడు అలెన్ వేసిన వేగమైన బంతి ఒంటికి గట్టిగా తగిలింది. బాధను ఓర్చుకొని, నిలిచి, 81 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే. ఆయన ఆఖరి టెస్టు కూడా అదే.

నాయుడు ఆడిన టెస్టులు ఏడే. పరుగులు 350, వికెట్లు 9. ఈ అంకెలు చూసి ఆయన గొప్పదనం ఏమిటని నేటి విద్యార్థులకు సందేహం కలగవచ్చు. మన దేశం తొలి టెస్టు ఆడేనాటికి ఆయన వయస్సు ముప్పై ఆరేళ్ళు దాటింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు భారతదేశం ఆడిన టెస్టులే మొత్తం ఏడు; ఆ ఏడింటిలోనూ ఆయన ఆడాడు. ఆయన మంచి వయస్సంతా టెస్టులు లేకుండానే గడిచిపోయింది.

అయినా ఆయన ఆట అక్కడితో ముగియలేదు. నలభై దాటితే చాలామంది విశ్రాంతి కోరుకుంటారు. నాయుడు మాత్రం హోల్కర్ జట్టును తీర్చిదిద్దే పనికి పూనుకున్నాడు. ఇండోర్‌లోనే పుట్టిన ముస్తాక్ అలీ ప్రతిభను ఆయన చిన్ననాడే గుర్తించి ప్రోత్సహించాడు. ఆ ముస్తాక్ అలీయే 1936లో మాంచెస్టర్‌లో 112 పరుగులు చేసి, విదేశీ గడ్డపై భారతదేశానికి తొలి టెస్టు శతకం సాధించాడు. సర్వటే, జగ్దాలే, నింబాల్కర్ వంటివారు, నాయుడి తమ్ముడు సి.ఎస్. నాయుడు ఆ జట్టులో ఆడారు. నాయుడు క్రమశిక్షణ విషయంలో చాలా కఠినుడు. సోమరితనాన్ని, దెబ్బ తగిలితే విలవిలలాడడాన్ని సహించేవాడు కాడు. ఆయనంటే యువ ఆటగాళ్ళకు భయం. ఆ కాఠిన్యం కొందరిని నొప్పించి ఉండవచ్చు. కాని ఇతరులను కోరినదానికంటె ఎక్కువ ఆయన తనను తాను కోరుకునేవాడు. 1944-45 నుండి 1952-53 వరకు తొమ్మిది ఏళ్ళలో హోల్కర్ జట్టు ఎనిమిదిసార్లు రంజీ ఫైనలుకు చేరి, నాలుగుసార్లు విజేత అయింది.

ఆ రోజుల్లో మన మైసూరు జట్టుకు ఎదురైన ఒక అనుభవాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. నేటి కర్ణాటక జట్టు పూర్వపు పేరు మైసూరు జట్టు. 1946లో ఇండోర్‌లో జరిగిన సెమీఫైనలులో హోల్కర్ జట్టు మైసూరుపై ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేసింది. ఒకే ఇన్నింగ్స్‌లో ఆరుగురు శతకాలు చేశారు. వారిలో యాభై ఏళ్ళ నాయుడు ఒకడు. మైసూరు బౌలరు బి.కె. గరుడాచార్ 69 ఓవర్లు వేసి 301 పరుగులిచ్చాడు. అంత శ్రమపడినవాడు కుంగిపోవాలి. కాని గరుడాచార్ రెండో ఇన్నింగ్స్‌లో 164 పరుగులు చేశాడు. మైసూరు ఇన్నింగ్స్ మీద 213 పరుగుల తేడాతో ఓడింది. ఆ ఓటమిలోనూ గరుడాచార్ చూపిన పట్టుదల నాయుడి ఆటకు తీసిపోనిది. ఆ వెంటనే బరోడాతో జరిగిన ఫైనలులో నాయుడు 200 పరుగులు చేసి జట్టును గెలిపించాడు.

ఆయన ధైర్యాన్ని గురించి క్రికెట్ అభిమానులు ఒక సంఘటన చెప్పుకుంటారు. యాభై అయిదేళ్ళు దాటిన వయస్సులో బొంబాయి జట్టుతో ఆడుతుండగా దత్తు ఫడ్కర్ వేసిన బంతి ఎగిరివచ్చి నాయుడి నోటికి తగిలింది. రెండు పళ్ళు ఊడి నేల మీద పడ్డాయి. నాయుడు వాటిని పిచ్ మీదినుండి పక్కకు తోసి, ఏమీ జరగనట్టు తరువాతి బంతికి సిద్ధమయ్యాడు. తన తలనెరపు చూసి మెల్లగా బౌలింగ్ చేయడం ఆయనకు ఇష్టం లేదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏటి రంజీ పోటీల్లో ఆంధ్ర జట్టు మొదటిసారిగా అడుగుపెట్టింది. కొత్త జట్టుకు అనుభవం లేదు, పేరు లేదు. దానికి నాయకత్వం వహించడానికి యాభై ఎనిమిదేళ్ళ నాయుడు ముందుకు వచ్చాడు. నాగపూరులో పుట్టి, ఇండోర్‌లో స్థిరపడినవాడు తన పూర్వుల నేలకు ఈ విధంగా సేవ చేశాడు. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయకుడై, అరవై ఒకటో ఏట రాజస్థాన్‌పై 84 పరుగులు చేశాడు. చివరిసారిగా 1963లో దేశ రక్షణ నిధికోసం జరిగిన ఒక పోటీలో ఆడాడు. అప్పుడు ఆయన వయస్సు అరవై ఎనిమిదేళ్ళు. దాదాపు నలభై ఏడేళ్ళ క్రీడాజీవితంలో ఆయన 207 ఫస్ట్‌క్లాస్ పోటీలు ఆడి, 11,825 పరుగులు చేసి, 411 వికెట్లు తీశాడు. శతకాలు 26.

1956లో భారత ప్రభుత్వం నాయుడిని పద్మభూషణ్ బిరుదుతో సత్కరించింది. ఆ గౌరవం పొందిన తొలి క్రికెట్ క్రీడాకారుడు ఆయనే. 1967 నవంబరు 14వ తేదీన ఇండోర్‌లో ఆయన కన్నుమూశాడు. ఆయన కుమార్తె చంద్రా నాయుడు మన దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు పొందింది. యువ క్రీడాకారుల కోసం ఆయన పేరిట ఒక ట్రోఫీ నెలకొల్పారు. 1994 నుండి నియంత్రణ మండలి క్రికెట్‌కు జీవితాంతం సేవ చేసినవారికి సి.కె. నాయుడు పురస్కారం అందజేస్తున్నది. మొదటి పురస్కారం, బొంబాయి టెస్టులో ఆయనకు తోడు నిలిచిన లాలా అమర్‌నాథ్‌కు లభించింది.

నాయుడు నాయకుడుగా ఆడిన టెస్టు ఒక్కటీ మన జట్టు గెలవలేదు. అయినా భారత క్రికెట్‌కు తొలి నాయకుడని అందరూ తలచుకునేది ఆయననే. పదవి ఇచ్చినప్పుడు గాయపడిన చేతితో నిలబడ్డాడు. పదవి తీసివేసినప్పుడు దెబ్బ తిన్న ఒంటితో నిలబడ్డాడు. రెండుసార్లూ ఆయన ఆటలో తేడా రాలేదు. బ్యాటు ఎవరిదైనా కావచ్చు. ఆట మాత్రం ఆడినవాడిదే. సాయంకాలం మీ వీధిలో నాయకుణ్ణి ఎన్నుకునేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో జవాబు రాయండి.
1. సి.కె. నాయుడు పూర్వులది ఏ ఊరు?
2. భారతదేశం తన మొదటి టెస్టును ఎప్పుడు, ఎక్కడ ఆడింది?
3. నాయుడికి కర్నల్ అన్న బిరుదు ఎలా వచ్చింది?
4. నాయుడు ఆంధ్ర జట్టుకు ఏ సంవత్సరంలో నాయకత్వం వహించాడు?

ఆ. కింది ప్రశ్నలకు నాలుగైదు వాక్యాలలో జవాబు రాయండి.
1. 1926లో నాయుడు కొట్టిన సిక్సర్లు ప్రజలకు కేవలం పరుగులుగా ఎందుకు తోచలేదు?
2. పోర్‌బందర్ మహారాజును మనం ఎందుకు గౌరవించాలి?
3. 1936లో నాయుడు తనకు ఎదురైన పరీక్షలో ఎలా నెగ్గాడు?
4. హోల్కర్, మైసూరు జట్ల పోటీలో గరుడాచార్ చూపిన పట్టుదలను వివరించండి.

ఇ. కింది పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.
సరిజోడు, నివ్వెరపోవు, పూనుకొను, క్రమశిక్షణ, పట్టుదల

ఈ. మీ ఊరిలో గానీ, మీ పాఠశాలలో గానీ మంచి నాయకుడని మీరు భావించేవారిని గురించి పది వాక్యాలు రాయండి. వారు నాయకులు కావడానికి కారణమైన గుణాలేవో చెప్పండి.